నాలుగో పెట్టెలో వేడి

కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, "మీ రోజుల్లో ప్రోగ్రాములు ఎలా రాసేవారండీ?" అని అడుగుతుంటారు. ఫ్లాపీలు ఎండలో పెడితే వంకర పోయేవనీ, కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లమనీ చెప్పి నవ్విస్తాను. వాళ్లు టీ తాగి వెళ్లిపోతారు. నేను నా చేతులతో ఒక దెయ్యాన్ని తయారుచేసి నెలరోజులు పోషించిన సంగతి మాత్రం చెప్పను. నవ్వుతారని కాదు. నవ్వడం అయ్యాక, ఆఖర్న జరిగింది కూడా చెప్పాల్సి వస్తుందని. అది ఎదురుగా కూర్చుని చెప్పడం నా వల్ల కాదు కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల చివరి మాట. నాకు ఇరవై ఆరేళ్లు. ఫ్యాక్టరీలకు కంప్యూటర్లు బిగించే ఒక చిన్న బెజవాడ కంపెనీలో ప్రోగ్రామర్ని. మా కంపెనీలో ప్రోగ్రామర్లం ఇద్దరం. రెండోవాడు ఎప్పుడూ సెలవులో ఉండేవాడు. అందుకని ఆ వేసవికి నన్నే నూజివీడు పంపించారు. విస్సన్నపేట వెళ్లే రోడ్డు మీద, తోటల మధ్య, మామిడి గుజ్జు తీసి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ అది. కలెక్టర్ రకం మామిడికాయలూ రసాలూ లారీల మీద వచ్చి పడుతుండేవి. గేటు దాటగానే తీపి, పులుపు, కుళ్లు కలిసిన వాసన ముఖాన కొట్టేది. మొదటి రోజు బాగుంటుంది. మూడో రోజుకి అన్నంలో కూడా అదే వాసన వస్తుంది.

గుజ్జు నింపి మూత బిగించిన డబ్బాలను ఆవిరిలో ఉడికించాలి. దానికోసం షెడ్డులో నాలుగు ఇనప పెట్టెలు వరసగా ఉండేవి. పెట్టెలంటే చిన్నవి కాదు, మనిషి నిలబడి నడిచేంత గదులు. డబ్బాలు పేర్చిన ట్రాలీలను లోపలికి తోసి, తలుపు మూసి, బోల్టులు బిగించి ఆవిరి వదులుతారు. టైము అయ్యాక ఆవిరి కట్టేసి, లోపల చల్లారాక తలుపు తీస్తారు. చల్లారక ముందు తీస్తే ఏమవుతుందో కిందటేడాది ఆ ఫ్యాక్టరీలో అందరూ చూశారు.

పెట్టెకు పైన ఒక చిన్న కుళాయి ఉండేది. లోపల ఆవిరి మిగిలి ఉంటే, తిప్పగానే బుస్సుమంటుంది. కిందటేడాది ఒక రోజు నాలుగో పెట్టెలో ఒక డబ్బా పగిలి, గుజ్జు ఎగజిమ్మి కుళాయి నోట్లో గట్టిపడిపోయింది. ఆపరేటరు కుళాయి తిప్పాడు, చప్పుడు లేదు. చల్లారిందనుకుని బోల్టులు విప్పాడు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. అప్పటి నుంచి నాలుగో పెట్టెకు సీలు వేసి ఉంచారు. దానికి వెళ్లే ఆవిరి గొట్టాన్ని కోసేసి ఇనప బిళ్లతో మూసేశారు. కేసు తేలేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కుళాయిల మీద నమ్మకం పోయి, థర్మామీటర్లూ కంప్యూటరూ పెట్టాలని యజమానులు తీర్మానించారు. అలా నేను వచ్చాను.

చనిపోయినాయనకి ఒక జోడీ ఉండేవాడు. పద్నాలుగేళ్లు ఇద్దరూ ఒకే షిఫ్టు చేశారు. ప్రమాదం జరిగిన రోజు ఈయన సెలవు పెట్టాడు. ఇప్పుడు మూడు పెట్టెలకూ ఈయనే ఆపరేటరు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండిన టెంక రంగులో ఉండేవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఫ్యాక్టరీలో చేరకముందు ఆ జోడీ ఇద్దరూ చాట్రాయి వైపు కాయలు మాగబెట్టే కొట్లలో పని చేశారు. వరిగడ్డిలో కప్పిన కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఆ వేడిని బట్టి ఇంకెన్ని రోజులకు పండుతాయో చెప్పేవాళ్లు. ఆ అలవాటు బాబాయ్‌కి పోలేదు. పెట్టె తలుపు తీసే ముందు తువ్వాలు తడిపి ఇనుము మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవాడు.

నాకు అది చూస్తే నవ్వొచ్చేది. నవ్వాను కూడా, మేనేజరు ముందు. మేనేజరు గారు ఆ నవ్వుని సలహాగా తీసుకున్నారు. "ఇక నుంచి తువ్వాళ్లూ గివ్వాళ్లూ వద్దయ్యా. కంప్యూటర్ చెబుతుంది, అప్పుడు తియ్యి" అన్నారు.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పక తప్పదు. పెట్టెకు నాలుగేసి థర్మామీటర్లు. తలుపు వైపు నుంచి వెనక గోడ దాకా ఒకటి, రెండు, మూడు, నాలుగు చోట్లు. సీలు తీశాక పనికొస్తాయని నాలుగో పెట్టెకు కూడా, తలుపు సీలు జోలికి పోకుండా, పైకప్పు రంధ్రాల్లోంచి దింపారు. వాటి వేడి చదివి చెప్పే లైబ్రరీ, అంటే సిద్ధంగా ఇచ్చిన ప్రోగ్రాము ముక్క, థర్మామీటర్లు అమ్మిన మద్రాసు కంపెనీ వాళ్లది, సి భాషలో రాసి, మెషీను భాషలోకి మార్చే వాళ్ల కంపైలర్‌తో తయారుచేసింది. ఒకసారి మెమరీలోకి ఎక్కిస్తే అక్కడే కూర్చుని, ఎవరు పిలిచినా పలుకుతుంది. దాన్ని పిలిచేవాళ్లు ఇద్దరు. పావుగంటకోసారి ప్రింటర్ మీద అంకెలు కొట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి, అది కూడా మద్రాసు వాళ్లదే. రెండోది నాది. నేను పాస్కల్‌లో, నా కంపైలర్‌తో రాశాను. తెర మీద పెట్టెకొక వరస, వరసకు నాలుగు అంకెలు. పెట్టె చల్లారితే తలుపు మీద పచ్చ లైటు వెలిగించడం కూడా నా ప్రోగ్రాము పనే. లైబ్రరీని అడగడం చాలా తేలిక. రెండు అంకెలు ఇవ్వాలి, ముందు పెట్టె నంబరు, తర్వాత చోటు నంబరు. అది వేడి చెబుతుంది.

మొదటి విడతలో నాలుగు థర్మామీటర్లే వచ్చాయి. వైర్లకు నంబరు చీటీలు కట్టి ఉన్నాయి. నాకు చిన్నప్పటి నుంచీ పొందిక ఎక్కువ. ఒకటో చీటీది ఒకటో పెట్టెలో ఒకటో చోట, రెండో చీటీది రెండో పెట్టెలో రెండో చోట, అలా నాలుగూ బిగించి, వేడినీళ్లు పోసి పరీక్ష చేశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. కొబ్బరికాయ కొట్టారు. బెజవాడకు ఫోన్ చేసి పని అయిందని చెప్పాను.

మిగతా పన్నెండూ వచ్చి బిగించిన రోజు మధ్యాహ్నం, మూడు పెట్టెలకూ ఒకేసారి ఆవిరి వదిలారు. నేను షెడ్డులోనే మెట్ల పైన ఉన్న అద్దాల గదిలో తెర ముందు కూర్చున్నాను. అంకెలు పైకి వెళ్లడం మొదలైంది. ఎనభై, తొంభై, నూట మూడు. ఒకటో వరస, రెండో వరస, మూడో వరస. నాలుగో వరస కూడా.

సీలు వేసిన పెట్టె. ఆవిరి గొట్టం కోసేసిన పెట్టె. అందులో మొదటి మూడు చోట్లా నూట మూడు, నూట నాలుగు. నాలుగో చోట మాత్రం ముప్పై ఎనిమిది. పై మూడు వరసల్లో కూడా చివరి అంకె ముప్పై ఎనిమిదే. మూడు పెట్టెల్లోనూ వెనక గోడ దగ్గర ఎవరో వేడిని మింగేసినట్టు చల్లగా ఉంది.

లేచి వెళ్లి నాలుగో పెట్టె తలుపు మీద చెయ్యి వేశాను. మామూలుగానే ఉంది. సీలు లక్క చెక్కుచెదరలేదు. గదిలోకి తిరిగి వచ్చేసరికి తెర మీద నూట ఐదు. కింద షెడ్డులో ఆవిరి కట్టేయగానే మూడు పెట్టెలతో పాటు నాలుగోది కూడా మెల్లగా చల్లారడం మొదలుపెట్టింది. డ్యూటీ చేస్తున్న మనిషిలాగా.

ఇలాంటివి దాచినా దాగవు. అద్దాల గదిలోంచి ఎవరు చూశారో, ఎవరు చెప్పారో, సాయంత్రానికి ట్రాలీలు తోసే ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. మర్నాడు నాలుగో పెట్టె ముందు కర్పూరం మసి, నిమ్మకాయ కనిపించాయి. తెర మీద అంకెలు చదివి చెప్పించుకున్న ఒక పెద్దావిడ అంది: "మూడు పెట్టెల్లోనూ వెనక మూలే చల్లగా ఉందంటే ఇంకేంటండీ. ఆయన అంతే, పదిమందిలోకి వస్తే మూలకి ఒదిగి నిలబడేవాడు."

అది విని నేను చదువుకున్నవాడిలా నవ్వాను. ఆ తర్వాత మధ్యాహ్నాలు అద్దాల గదిలో ఒంటరిగా కూర్చోవడం మానేశాను. ఏదో పని పెట్టుకుని మేనేజరు గదిలో కూర్చునేవాణ్ణి. బయట వడగాలికి తోటలు గీపెడుతుంటే, ఇక్కడ తెర మీద ఎవరూ లేని పెట్టెలో అంకె ఒక్కొక్కటే పెరుగుతుంటే, వీపు మీద చెమట చల్లబడేది. దేవుడు, దెయ్యం లేవని హాస్టల్లో గంటలకొద్దీ వాదించినవాణ్ణి నేను.

మద్రాసుకు టెలిగ్రాం ఇచ్చాం. ఎర్తింగ్ చూసుకోమని జవాబు వచ్చింది. గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్లు పోశాం. నాలుగో పెట్టె ఇంకో డిగ్రీ వేడెక్కింది. బాయిలర్ దగ్గర మనిషే దొంగతనంగా ఆవిరి వదులుతున్నాడని మేనేజరు అతన్ని కేకలేశారు. కోసేసిన గొట్టం చూపించి అతను ఏడ్చినంత పని చేశాడు. నాలుగో పెట్టె వైర్లు విప్పి చూద్దామంటే ఎలక్ట్రీషియన్ దణ్ణం పెట్టి, ఆ రోజు నుంచి జ్వరం పేరుతో రాలేదు. సీలు వేసిన సరుకుని ముట్టుకుంటే కేసవుతుందని మేనేజరు కూడా అడ్డుపడ్డారు. నిజం చెప్పాలంటే వద్దన్నందుకు నాకు హాయిగా అనిపించింది.

బాబాయ్ ఒక్కడే భయపడలేదు. ఒకరోజు అద్దాల గది గుమ్మం దగ్గర నిలబడి తెర వంక చాలాసేపు చూశాడు.

"బాబూ, వాడే అయితే నాకు భయం లేదండీ. వాడు నన్నేం చేస్తాడు? ఒకే పళ్లెంలో తిన్నోళ్లం" అన్నాడు.

"మరి ఏంటి బాబాయ్ నీ అనుమానం?"

"నాలుగో దాంట్లో మూడు చోట్ల వేడి ఎక్కువుంది. ఈ మూడింట్లో నాలుగో చోట వేడి తక్కువుంది. ఇక్కడ పోయిందే అక్కడ తేలుతుందేమోనని. మాగేసిన కుప్పలో ఒక పక్క చల్లబడితే ఇంకో పక్క కాయ కుళ్లుద్ది బాబూ. వేడి ఊరికే ఎక్కడికీ పోదు."

ఆ మనిషి బడి గుమ్మం తొక్కలేదు. నా తప్పు మొత్తం ఆ నాలుగు మాటల్లో చెప్పేశాడు. నేను, "మన మెషీను గడ్డి కుప్ప కాదు బాబాయ్" అన్నాను. అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయినట్టు కూడా గుర్తు.

పనివాళ్లు బెదిరిపోతున్నారు, ఏదో ఒకటి చెయ్యమని మేనేజరు నా వెంటపడ్డారు. నేను రెండు పనులు చేశాను. మొదటిది, తెర మీద నాలుగో వరస తీసేశాను. సీలు వేసిన పెట్టె ఎంత వేడిగా ఉంటే మనకెందుకు అనుకున్నాను. రెండోది, ప్రతి వరసలోనూ ఒక అంకె తప్పు చెబుతోంది కాబట్టి, నాలుగింటిలో మిగతా వాటికి పొసగని అంకెను లెక్కలోంచి కొట్టేసి, మిగిలిన మూడింటినీ నమ్మమని ప్రోగ్రాములో రాశాను. పచ్చ లైటు ఇక ఆ మూడింటిని బట్టే వెలుగుతుంది. పదిహేను రోజులు ఏ గొడవా లేదు. మేనేజరు నా భుజం తట్టి, ఒక బుట్ట చిన్న రసాలు గదికి పంపించారు.

తెర మీద నాలుగో వరస ఏదని అడిగింది బాబాయ్ ఒక్కడే. "ఎందుకు తీసేశారు బాబూ?" అన్నాడు. ఏమీ లేదులే అన్నాను. కాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా మూడు పెట్టెలనూ ఒకేసారి నింపి, ఒకేసారి ఉడికించి, ఒకేసారి తీసేవాళ్లు. ఆ పద్ధతి ఒక్క గాలివానతో తప్పిపోయింది. రాత్రి వీచిన గాలికి మైలవరం దాకా తోటల్లో కాయ మొత్తం నేలరాలింది. రాలిన కాయ దెబ్బ తిని ఉంటుంది, ఒక్క రోజు కూడా ఆగదు. పొద్దున్నే గేటు బయట లారీలు బారులు కట్టాయి. మూడూ నిండేదాకా ఆగొద్దు, ఏది నిండితే దానికి ఆవిరి వదలండి అన్నారు మేనేజరు.

ఒకటో పెట్టె ముందు ఉడికింది. ఆవిరి కట్టేసేసరికే దాని మీద పచ్చ లైటు వెలుగుతోందట. బాబాయ్ నమ్మక, అరగంట ఆగి తీశాడు. ఆ అరగంట సంగతి తెలిసి మేనేజరు ఇంతెత్తున లేచారు. "బయట కాయ కుళ్లిపోతుంటే, లైటు వెలిగాక కూడా ఆగుతావా? ఇంకోసారి ఆగావంటే రేపటి నుంచి గేట్లోకి రాకు" అని అందరి ముందూ అన్నారు. బాబాయ్‌కి పెళ్లి కాని కూతురు లేదు, అప్పులు లేవు, అలాంటి కథ ఏమీ లేదు. ఆయనకు ఆ పని తప్ప ఇంకోటి రాదు, అంతే. గడ్డిలో మాగబెట్టే కొట్లు, కాయ పండించే కార్బైడు మందు వచ్చాక ఆయన్ని పిలవడం మానేశాయి.

మధ్యాహ్నం రెండు దాటింది. ఒకటో పెట్టె తలుపు బార్లా తీసి, మళ్లీ నింపుతున్నారు. మూడో పెట్టెలో ట్రాలీలు పెట్టారు, ఇంకా ఆవిరి వదల్లేదు. రెండో పెట్టెకు ఆవిరి కట్టేసి ఐదు నిమిషాలు కూడా కాలేదు. నేను తెర చూశాను. రెండో వరసలో నలభై ఒకటి, నూట మూడు, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. నూట మూడు పొసగలేదు కాబట్టి ప్రోగ్రాము దాన్ని కొట్టేసింది. పచ్చ లైటు వెలిగింది.

కింద తలుపు ముందు ఐదుగురు ఆడవాళ్లు ట్రాలీ పట్టుకుని నిలబడి ఉన్నారు. బాబాయ్ తువ్వాలు తడిపి ఇనుము మీద వేశాడు. కళ్లు మూసుకున్నాడు. మేనేజరు అది చూసి అరుస్తున్నారు. నేను గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి, "బాబాయ్, లైటు వెలిగింది కదా, తియ్యి" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. "ఇంత తొందరగా చల్లారదు బాబూ" అన్నాడు.

"కంప్యూటర్ చూసే చెబుతున్నాను. తియ్యి" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నా గొంతుతోనే వినిపిస్తుంది. ఇంకెవరి మీదకైనా నెట్టేద్దామని చాలా ఏళ్లు చూశాను, కుదరలేదు.

బాబాయ్ ఆడవాళ్లను కేకేసి స్తంభాల వెనక్కి పొమ్మన్నాడు. వాళ్లు విసుక్కుంటూ జరిగారు. పెద్దావిడ ట్రాలీ వదల్లేదు, ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకు లాగేశాడు. తర్వాత తలుపు ఎదురుగా కాకుండా గోడ వైపు ఒదిగి నిలబడి, చెయ్యి చాపి బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు. ఆఖరి బోల్టుకు తలుపు దానంతటదే తోసుకుని వచ్చింది. ఆ చప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు, నాకు గుర్తున్నది తెలుపే. షెడ్డంతా తెల్లగా అయిపోయింది. ఎవరూ ఎవరికీ కనబడలేదు. ఆ తెలుపులోంచి ఒకే గొంతు, బాబాయ్‌ది, "ఎవరూ రాకండి, ఎవరూ రాకండి" అంటూనే ఉంది.

ఆవిరి పలచబడ్డాక చూస్తే, ఆడవాళ్లు నిలబడ్డ చోట ట్రాలీ బోల్తా పడి ఉంది. బాబాయ్ ఎడమ చెయ్యి మోచేతి పై దాకా, మెడ ఒక పక్క ఉడికిపోయాయి. నూజివీడు ఆస్పత్రికి తీసుకెళ్లారు. బతుకుతాడు అన్నారు. నేను ఆవరణలో కూర్చుని చిన్న పిల్లాడిలా ఏడ్చాను.

మర్నాడు మేనేజరు నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. లైటు వెలగకముందే ఆపరేటరు తొందరపడి తలుపు తీశాడని రాసి ఉంది. సాక్షిగా నేను సంతకం పెట్టాలి. "పోయినేడాది ఒకటి, ఈ ఏడాది ఇంకోటి. మిషను తప్పని రాస్తే ఫ్యాక్టరీ మూస్తారోయ్. నీ ఉద్యోగమూ పోతుంది. ఆయన్ని మనం చూసుకుందాంలే" అన్నారు. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. నేను ఒక్క రోజు గడువు అడిగాను. అప్పుడు కూడా నిజం తేల్చడానికి అడిగానని గొప్పలు పోను. వెంటనే కాదనే ధైర్యం లేక అడిగాను.

ఆ కాగితానికి జతచేయడానికని గుమాస్తా ప్రింటర్ కాగితాల అట్టపెట్టె తెచ్చి నా ముందు పడేశాడు. ప్రింటర్ మేనేజరు గదిలో ఉండేది. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించడానికని కొట్టించేవాళ్లు. తెర ఉండగా కాగితం ఎందుకని నేను ఒక్కరోజు కూడా చదవలేదు. ప్రమాదం జరిగిన పావుగంట దగ్గర వేలు పెట్టాను. రెండో పెట్టె: నూట మూడు, నూట మూడు, నూట నాలుగు, నూట మూడు. నాలుగో పెట్టె: ముప్పై ఎనిమిది, నాలుగు చోట్లా. వెనక్కి తిప్పాను. ముందు రోజు, అంతకుముందు వారం, నెల. నాలుగో పెట్టె ఒక్కసారి కూడా వేడెక్కలేదు.

అవే థర్మామీటర్లు. అదే లైబ్రరీ. మద్రాసు వాళ్ల ప్రోగ్రాము అడిగితే ఒక మాట, నేను అడిగితే ఇంకో మాట. దెయ్యం నాతో మాత్రమే మాట్లాడింది.

ఆ రోజు ఫ్యాక్టరీ ఆపేశారు. షెడ్డులో ఎవరూ లేరు. కాయలకు మూగిన ఈగల చప్పుడు తప్ప ఏమీ లేదు. తీసేసిన నాలుగో వరసను మళ్లీ తెర మీదకు తెచ్చాను. క్యాంటీన్ నుంచి కెటిల్ నిండా మరిగిన నీళ్లు తెచ్చి, రెండో పెట్టె మీదకు ఎక్కాను. వెనక గోడ దగ్గరి నాలుగో చోటు థర్మామీటర్ పైకి లాగి కెటిల్‌లో ముంచి కట్టేశాను. దిగి వచ్చి అద్దాల గదిలోకి వెళ్లాను.

రెండో వరసలో ఏమీ కదల్లేదు. నాలుగో పెట్టె వరసలో రెండో అంకె లేచింది. యాభై, అరవై ఎనిమిది, ఎనభై. ఎవరో నా వెనక నిలబడి, నెల రోజులుగా చెబుతున్నదే మళ్లీ ఓపిగ్గా చూపిస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. చూశానని రాయడానికి సిగ్గు లేదు.

తర్వాత తెలియడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. మీలో ఈ పని తెలిసినవాళ్లు ఎప్పుడో కనిపెట్టి ఉంటారు. తెలియనివాళ్లకు చెబుతాను. ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పిలిచేటప్పుడు ఇవ్వాల్సిన అంకెలు ఒక బుట్టలో వేస్తుంది. నా కంపైలర్ మొదటిదాన్ని ముందు వేసి, దాని మీద రెండోది పెడుతుంది. వాళ్ల కంపైలర్‌తో తయారైన లైబ్రరీ, పైన ఉన్నదే మొదటిది అనుకుని తీసుకుంటుంది. నేను రెండో పెట్టె, నాలుగో చోటు అంటే, దానికి నాలుగో పెట్టె, రెండో చోటు అని చేరుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకటికి ఒకటి, రెండుకు రెండు అని పరీక్ష చేస్తే తిరగబడినా అదే కదా. నా పొందికే నా కళ్లు మూసింది. ఇక పొసగని అంకె కొట్టేయమన్న నా తెలివి ఏం చేసిందంటే, ఆ మధ్యాహ్నం రెండో వరసలో నిజం చెప్పిన ఒకే ఒక్క అంకెను కొట్టేసింది.

లైటు వెలిగిన తర్వాతే తలుపు తీశాడనీ, తియ్యమన్నది నేనేననీ, లైటు తప్పుగా వెలగడానికి కారణం నా ప్రోగ్రామేననీ రాసి, ప్రింటర్ కాగితం జతచేసి సంతకం పెట్టాను. మేనేజరు రెండుసార్లు చదివారు. "చిన్నవాడివి, బతకడం తెలియదు" అన్నారు చివరికి. కానీ కాగితం చింపలేదు. ఫ్యాక్టరీ మూతపడలేదు, నాలుగు రోజులు ఆపి నడిపారు. మా కంపెనీ నన్ను తీసెయ్యలేదు, సీజను అయ్యాక ఆఫీసులో కూర్చోబెట్టి రెండేళ్లు మాన్యువళ్లు రాయించింది. ప్రోగ్రామర్‌కి అంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోను.

బాబాయ్ సీజను చివర్లో వచ్చాడు. చేతికి కట్టు, మెడ మీద గులాబీ రంగు చర్మం. ఉద్యోగం ఉందని మేనేజరు స్వయంగా చెప్పారు. తడి తువ్వాలు వేసి చూశాకే తలుపు తీయాలని గోడ మీద రాయించారు కూడా. బాబాయ్ తిన్నగా అద్దాల గదికి వచ్చాడు. ఆస్పత్రిలో ఆయన్ని చూడడానికి వెళ్లినప్పుడల్లా జరిగింది చెబుదామనుకుని, బత్తాయిలు పక్కన పెట్టి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పాను. సరిచేసిన తెర చూపించాను. మూడు పెట్టెలూ నడుస్తున్నాయి. నాలుగో వరసలో ముప్పై ఏడు, ముప్పై ఏడు, ముప్పై ఏడు, ముప్పై ఏడు.

"నాలుగూ చల్లగానే ఉన్నాయా బాబూ?"

"మొదటి నుంచీ చల్లగానే ఉన్నాయి బాబాయ్. నేనే తప్పు అడిగాను. నువ్వు చెప్పినా వినలేదు. నన్ను క్షమించు."

ఆ క్షమాపణ ఆయన విన్నాడో లేదో తెలియదు. నాలుగో వరస వంకే చూస్తున్నాడు.

"అంటే వాడు అందులో లేడన్నమాట" అన్నాడు.

కుర్చీ ఆయన వైపు జరిపాను. ఆయన కూర్చోలేదు.

"నేనా రోజు సెలవు పెట్టానండీ. ఏమనుకున్నావురా అని అడుగుదామంటే మనిషి లేడు. ఇది వేడెక్కుతుంటే, వాడే డ్యూటీకి వచ్చాడనుకున్నాను. మీరు ఆ వరస తీసేసేదాకా, డ్యూటీ దిగిపోయేటప్పుడు రోజూ ఇటు చూసి, వెళ్లొస్తాన్రా అని చెప్పి పోయేవాణ్ణి."

కట్టు కట్టిన చెయ్యి రెండో చేత్తో పట్టుకున్నాడు. తర్వాత మొహమాటంగా అడిగాడు.

"పాతది ఉందా బాబూ, పారేశారా?"

"ఫ్లాపీలో ఉంది."

"ఒక్కసారి పెడతారా? చూసి పోతాను."

అది తప్పు ప్రోగ్రాము బాబాయ్, పెట్టెలు నడుస్తుండగా పెట్టకూడదు అన్నాను. అంకెలు ఎలా తారుమారయ్యాయో, ఏ కంపైలర్ ఏం చేస్తుందో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన మర్యాదగా అంతా విన్నాడు.

"అవున్లెండి, తప్పు లెక్క కదా" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మూడూ ఉడికాక ఆవిరి కట్టేశారు, తలుపులు తీశారు, షెడ్డు ఖాళీ అయింది, పెట్టెల్లో వేడి మాత్రం ఇంకా పోలేదు. ఫ్లాపీ నా సొరుగులోనే ఉంది. పెట్టి, ఆయన్ని పిలిచి చూపించడానికి రెండు నిమిషాలు పట్టేది. నేను పిలవలేదు.